కండా? దమ్మా?

మన కాలేజీల్లో కులాలూ, మతాలూ, ప్రాంతాలూ, పార్టీలూ చాలవన్నట్టు ఈ మధ్య ఇంకో రెండు వర్గాలు బయలుదేరాయి. ఒకటి బరువుల వర్గం, రెండోది పరుగుల వర్గం. మొదటివారు సాయంత్రమయ్యేసరికి జిమ్ములో చేరతారు. డంబెల్సు ఎత్తి దించి, అద్దం ముందు నిలబడి చెయ్యి మడిచి చూసుకుంటారు. "పరిగెత్తితే కష్టపడి పెంచిన కండంతా కరిగిపోతుంది గురూ!" అనేది వారి సిద్ధాంతం. రెండోవారు తెల్లవారకముందే లేచి మైదానం చుట్టూ తిరుగుతారు. "బరువులెత్తితే ఒళ్ళు బిగుసుకుపోతుంది, ఇక కాలు కదలదు" అనేది వీరి సిద్ధాంతం. ఫలితమేమిటంటే, మొదటి వర్గం వాడు హాస్టల్ మూడో అంతస్తు ఎక్కేసరికి రొప్పుతుంటాడు. రెండో వర్గం వాడు బియ్యం బస్తాకు ఒక పక్క చెయ్యి వేయమంటే నడుం పట్టుకుని కూలబడతాడు.

ఈ రెండింటిలో దేనికీ చెందని మూడో వర్గం ఒకటుంది. అసలు మెజారిటీ వారిదే. వారి వ్యాయామమంతా సెల్‌ఫోన్ మీద బొటనవేలితోనే జరిగిపోతుంది. వారి సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

మొదటి రెండు వర్గాల తగాదాకు అసలు ఆధారమే లేదన్నది నా వాదన. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదు" అని పెద్దలన్న మాట నిజమే. కాని కండా, దమ్మూ ఒకే బండికి కట్టిన జోడెడ్లు. ఒక ఎద్దుకు జనపకట్టె వేసి, రెండోదాన్ని పస్తు పడుకోబెడితే బండి ముందుకు సాగదు, పక్కకు తిరుగుతుంది. చదువుకుంటున్న మన కుర్రవాళ్ళలో చాలామంది శరీరాలు ఇప్పుడలా పక్కకు తిరిగిన బండ్లే.

పెద్దవాళ్ళు విడదీయలేదు

మన పాత తాలింఖానాల్లో ఈ విభజన లేదు. అక్కడ దండీలూ, బస్కీలూ తీసేవారు. కర్రసాము చేసేవారు. గోదాలో దిగి కుస్తీ పట్టేవారు. బస్కీలు వందల్లో తీస్తుంటే అది కాళ్ళకు బలమూ అయ్యేది, గుండెకు పనీ అయ్యేది. కర్రసాములో ఒళ్ళంతా కదలాలి, ఊపిరి కూడా నిలవాలి. "ఇది కండకు, ఇది దమ్ముకు" అని ఎవరూ వేరువేరు గదులు కట్టుకోలేదు.

చెడుగుడు సంగతే చూడండి. కూత పెట్టి అవతలి బరిలోకి వెళ్ళినవాడికి ఊపిరి తెగకూడదు, కాలు చురుగ్గా కదలాలి. నలుగురు కలిసి నడుం పట్టుకుంటే వాళ్ళను ఈడ్చుకుంటూ గీత దాకా రావాలి. దమ్ముండి కండ లేనివాడు గీత చేరడు. కండ వుండి దమ్ము లేనివాడికి మధ్యలోనే కూత ఆగిపోతుంది. మన పల్లెల్లో పుట్టిపెరిగిన ఆటే మనకీ పాఠం చెబుతుంటే, దాన్ని వదిలి జిమ్ములో విన్న మాటనూ, మైదానంలో విన్న మాటనూ పట్టుకుని వేళ్ళాడుతున్నాం.

కోడి రామమూర్తి నాయుడిగారి పేరు వినని తెలుగువాడుండడు. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మేష్టరుగా పనిచేసిన మనిషి ఆయన. ఛాతీకి కట్టిన ఇనుప గొలుసులు తెంచడం, గుండెల మీద ఏనుగును ఎక్కించుకోవడం మనకు గుర్తున్నాయి. ఆ బలప్రదర్శనల వెనక ఊపిరి సాధన ఎంత వుందో ఆ తరం వాళ్ళు కథలు కథలుగా చెప్పుకునేవారు. మనం ఏనుగును గుర్తుపెట్టుకుని ఊపిరిని మరిచిపోయాం.

ఒక ప్రయోగం, దానికి వచ్చిన అపార్థం

"పరిగెత్తితే కండ కరుగుతుంది" అనే మాట గాలిలోంచి పుట్టలేదు. దానికి ఒక శాస్త్రీయ మూలం వుంది. దాన్ని సగమే చదివినందువల్ల వచ్చింది తంటా.

అమెరికాలో రాబర్ట్ హిక్సన్ అనే శాస్త్రవేత్త స్వయంగా బరువులెత్తే అలవాటున్నవాడు. ఓర్పు వ్యాయామం మీద పరిశోధనలు చేస్తున్న హాలొజీ అనే ఆచార్యుడి దగ్గర చేరి, ఆయనతో కలిసి పరుగులు మొదలుపెట్టాక తన కండ తగ్గుతున్నట్టు గమనించాడట. ఆ అనుమానాన్ని పరీక్షకు పెట్టి 1980లో ఫలితాలు ప్రకటించాడు. మనుషులను మూడు జట్లు చేశాడు. మొదటి జట్టుకు వారానికి ఐదు రోజులు బరువులు. రెండో జట్టుకు ఆరు రోజులు గట్టి దమ్ము వ్యాయామం. మూడో జట్టుకు ఆ ఐదూ, ఈ ఆరూ రెండూ. పది వారాలు ఇలా సాగింది. రెండూ చేసిన జట్టుకు ఏడు వారాల దాకా బలం మామూలుగానే పెరిగింది. ఆ తర్వాత ఆగిపోయి, చివరి రెండు వారాల్లో కిందికి దిగింది.

జిమ్ము పెద్దలు చెప్పే కథ ఇక్కడితో ముగుస్తుంది. వాళ్ళు చెప్పని భాగం రెండు ముక్కల్లో వుంది. మొదటిది, రెండూ చేసినవాళ్ళ దమ్ము ఏమాత్రం తగ్గలేదు. పరుగు జట్టుతో సమానంగానే పెరిగింది. అంటే బరువులు పరుగును చెడగొట్టలేదు. రెండోది, వాళ్ళు వారానికి పదకొండు మోతాదుల వ్యాయామం చేశారు. అదీ దాదాపు విశ్రాంతి లేకుండా, ప్రతిసారీ గట్టిగా. పొలం దున్నిన ఎడ్లనే రాత్రికి గానుగకు కట్టి, "ఎద్దులో సత్తువ లేదు" అంటే ఎలా? సత్తువ తరిగింది విశ్రాంతి లేక!

ఆ తర్వాత నాలుగు దశాబ్దాల్లో ఈ విషయం మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. వాటిని కలిపి లెక్కగట్టి 2022లో వెలువడిన ఒక సమీక్ష తేల్చిందేమిటంటే, రెండు వ్యాయామాలూ కలిపి చేసినంత మాత్రాన కండర పరిమాణమూ, గరిష్ఠ బలమూ దెబ్బతినవు. కొద్దిగా తగ్గేది విస్ఫోటక శక్తి, అంటే ఒక్కసారిగా ఎగరడానికో, విసరడానికో కావలసిన మెరుపు శక్తి. అదీ ముఖ్యంగా రెండూ ఒకే పూట, ఒకదాని వెంట ఒకటి చేసినప్పుడు. రెండింటికీ ఎడం వుంటే ఆ నష్టం కూడా పెద్దగా కనిపించదు.

ఇందులో వింతేమీ లేదు. బరువెత్తినప్పుడు కండర తంతువులు లావవుతాయి. దూరం పరిగెత్తినప్పుడు కండరంలో రక్తకేశనాళికలు పెరుగుతాయి, ఆక్సిజన్‌ను వాడుకుని శక్తినిచ్చే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఒకటి గోడలు లేపే పని, ఇంకొకటి నీళ్ళ పైపులూ, కరెంటు తీగలూ వేసే పని. తాపీమేస్త్రీనీ, కరెంటు మేస్త్రీనీ ఒకే గదిలోకి ఒకే గంటలో తోలితే కొట్టుకుంటారు. రోజు మార్చి పిలిస్తే ఇల్లు పూర్తవుతుంది.

ఒక విద్యార్థి కథ

బరువులెత్తితే కాలు కదలదనే పరుగు మిత్రులకు సెబాస్టియన్ కో పేరు గుర్తు చేయాలి. ఇంగ్లండులో లఫ్‌బరో యూనివర్శిటీ విద్యార్థిగా ఆర్థికశాస్త్రం, సాంఘిక చరిత్ర చదివినవాడు. మనిషి బక్కపలచన. తండ్రి పీటర్ కో ఆయనకు శిక్షకుడు. లఫ్‌బరోలో అధ్యాపకుడైన జార్జ్ గాండీ ఆయనచేత బరువులూ, సర్క్యూట్ వ్యాయామాలూ చేయించాడు. 1979 వేసవిలో 41 రోజుల వ్యవధిలో 800 మీటర్లు, మైలు, 1500 మీటర్లు మూడింటిలోనూ ప్రపంచ రికార్డులు ఆయనవే అయ్యాయి. 1980 మాస్కోలోనూ, 1984 లాస్ ఏంజిలిస్‌లోనూ 1500 మీటర్ల ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. 1981లో 800 మీటర్లలో ఆయన నెలకొల్పిన 1 నిమిషం 41.73 సెకన్ల రికార్డు 1997 దాకా చెక్కుచెదరలేదు. బరువులు కాళ్ళకు సంకెళ్ళే అయితే ఇది జరిగేదా?

మనందరం సెబాస్టియన్ కోలం కాలేము. కాని ఆ కథలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. యూనివర్శిటీ మైదానమూ, వ్యాయామశాలా, విషయం తెలిసిన ఒక అధ్యాపకుడూ కలిసి పనిచేస్తే ఒక విద్యార్థి ఎంత దూరం పోగలడో అది చూపిస్తుంది.

ఎవరికి ఏది ఎందుకు?

పరిగెత్తేవాడికి బరువులెందుకు? ఒక్క లెక్క చూడండి. పరుగులో ప్రతి అడుగుకూ ఒక కాలి మీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. మనిషి 60 కిలోలుంటే అడుగడుగుకూ 120 నుంచి 180 కిలోలన్న మాట. నిమిషానికి 160 అడుగుల చొప్పున అరగంట పరిగెత్తితే 4800 అడుగులు. ఆ భారాన్ని మోయవలసింది పిక్కలూ, తొడలూ, పిరుదుల కండరాలూ. అవి బలహీనంగా వుంటే ఆ దెబ్బ మోకాలికీ, మోకాలి కింది ముందు ఎముకకూ చేరుతుంది. మైదానంలో పరిగెత్తే కుర్రవాళ్ళు కాలు పట్టుకుని గట్టు మీద కూర్చోవడం మనం రోజూ చూసేదే. ఇదిగాక, బలం పెరిగిన కాలు అదే వేగానికి తక్కువ ఆక్సిజన్ ఖర్చు చేస్తుందని ఎన్నో పరిశోధనలు తేల్చాయి. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే బండి ఎవరికి చేదు?

బరువులెత్తేవాడికి పరుగెందుకు? గుండె కూడా కండరమే కనుక. దాని బలం అద్దంలో కనిపించదు కాబట్టి మనవాళ్ళకు దాని మీద గౌరవం లేదు. దమ్మున్నవాడు ఒక సెట్టుకూ, ఇంకో సెట్టుకూ మధ్య తొందరగా తేరుకుంటాడు. ఎక్కువ పని చేయగలుగుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు కూడా పెద్దవాళ్ళెవరికీ ఏదో ఒకటి చాలునని చెప్పలేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ వుండాలనీ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం వుండాలనీ చెప్పింది. "లేదా" అన్నది శ్రమ తీవ్రత విషయంలోనే. బలం విషయంలో "దానితోపాటు" అనే అంది.

ఉద్యోగం కోసం పరుగు

ఇంతవరకూ ఆరోగ్యం మాట. ఇప్పుడు అన్నం మాట. మన మైదానంలో తెల్లవారుజామున పరిగెత్తేవారిలో చాలామందికి పరుగు సరదా కాదు. పోలీసు ఉద్యోగమో, సైన్యంలో ఉద్యోగమో రావాలి. ఊళ్ళో అమ్మానాన్నలు ఆ కబురు కోసం ఎదురుచూస్తుంటారు.

ఆ పరీక్షలు ఏమడుగుతున్నాయో చూడండి. 2022లో తెలంగాణ పోలీసు నియామకాల్లో మగవారు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. అది గట్టెక్కితేనే ముందుకు. తర్వాత 4 మీటర్ల లాంగ్ జంప్, 7.26 కిలోల ఇనుప గుండును 6 మీటర్ల దూరం విసరడం. ఆడవారికి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, 2.5 మీటర్ల జంప్, 4 కిలోల గుండు 4 మీటర్లు. అదే ఏడాది సైన్యంలో మొదలైన అగ్నివీర్ ఎంపికల్లో 1.6 కిలోమీటర్ల పరుగుకు 60 మార్కులైతే, బారు పట్టుకుని పది పులప్సు తీస్తే 40 మార్కులు. అంటే ఏ వర్గానికీ చెందనివాడికే ఉద్యోగం! పరుగు వర్గం వాడు గుండు దగ్గరా, బారు దగ్గరా ఆగిపోతాడు. బరువుల వర్గం వాడు గుండు దాకా రానే రాడు.

మనవాళ్ళు ఏం చేస్తున్నారు? నోటిఫికేషన్ వచ్చేదాకా నిద్ర. వచ్చిన మర్నాటినుంచి ప్రళయం. ప్రొద్దున ఎనిమిది కిలోమీటర్లు, సాయంత్రం గుండు, రాత్రి దండీలు. మూడు వారాలయ్యేసరికి కాలి ఎముక నొప్పి. నొప్పి మాత్ర వేసుకుని మళ్ళీ పరుగు. చివరకు పరీక్ష రోజున కుంటుకుంటూ వెనక్కి. హిక్సన్ ప్రయోగంలోని మూడో జట్టునే మనవాళ్ళు తెలియక మళ్ళీ నడుపుతున్నారు. కాకపోతే హిక్సన్ జట్టుకు లెక్క వుంది, వీళ్ళకు అదీ లేదు.

కాలు నొప్పితో పోతే సరే, ప్రాణమే పోతే? 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాల ఎంపిక జరిగింది. మగవారికి 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆ ఎంపిక పరుగుల్లో పదిమందికి పైగా యువకులు చనిపోయారు. కారణాల మీద ప్రభుత్వమూ, ప్రతిపక్షమూ వాదించుకున్నాయి. ఆ వాదన ఎలా తేలినా ఆ ఇళ్ళకు పోయిన బిడ్డలు రారు. మనం నేర్చుకోవలసిన పాఠం మాత్రం వుంది. అలవాటు లేని శరీరాన్ని ఎండలో, ఒక్క రోజులో, ఉద్యోగమనే కొరడాతో తోలకూడదు. ఆరు నెలల ముందునుంచి నింపాదిగా తయారైన శరీరానికి 1600 మీటర్లు భూతం కాదు. 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు చుట్లు, చుట్టుకు 1 నిమిషం 48 సెకన్లు. అంతే!

వారం లెక్క

"ఉపన్యాసం బాగానే వుంది, ఏం చేయాలో చెప్పు" అని మీరడుగుతారు. చెబుతాను. ఇందులో మంత్రాలేమీ లేవు.

వారంలో మూడు రోజులు పరుగు, రెండు రోజులు బలం, రెండు రోజులు విశ్రాంతి. సోమవారం బలం. మంగళవారం అరగంట తేలిక పరుగు. బుధవారం విశ్రాంతి. గురువారం మళ్ళీ బలం. శుక్రవారం కాస్త వేగంగా పరుగు: 400 మీటర్లు గట్టిగా, తర్వాత రెండు మూడు నిమిషాలు నడక, ఇలా నాలుగైదుసార్లు. శనివారం విశ్రాంతి. ఆదివారం నెమ్మదిగా ఎక్కువసేపు, నలభై నిమిషాలతో మొదలుపెట్టి నెలల మీద గంట దాకా.

తేలిక పరుగంటే ఏమిటి? పక్కవాడితో సినిమా కథ పూర్తి వాక్యాల్లో చెప్పగలిగేంత వేగం. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే. మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇదే. ప్రతిరోజూ పందెంలాగా పరిగెత్తుతారు. పక్కవాడు ముందుకు పోతే పరువు పోయిందనుకుంటారు. అసలు పరిగెత్తడం కొత్తయితే రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడకతో మొదలుపెట్టండి. అందులో అవమానమేమీ లేదు.

బలానికి జిమ్మే వుండాలని లేదు. బస్కీలు, దండీలు, బారు మీద పులప్సు, మెట్టు మీద నిలబడి మడమలు ఎత్తి దించడం, ఒక కాలి మీద కూర్చుని లేవడం చాలు. చిన్నప్పుడు మేష్టరు శిక్షగా తీయించిన గుంజీలే ఇప్పుడు జిమ్ముల్లో డబ్బు కట్టించుకుని తీయిస్తున్న స్క్వాట్సు! ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, మూడు విడతలు. చివరి రెండూ కష్టం మీద రావాలి, కాని ఒళ్ళు వంకర పోకూడదు. తేలికైపోయాక ఇసుక నింపిన సంచి భుజాన వేసుకోండి. వ్యాయామశాల అందుబాటులో వుంటే తెలిసినవారి దగ్గర బారు బరువులు నేర్చుకోండి.

ఒకే రోజు రెండూ చేయక తప్పకపోతే ప్రొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యన ఆరు గంటల ఎడం వుంటే మంచిది. ఎడం దొరకకపోతే మీకేది ముఖ్యమో దాన్ని ముందు చేయండి. అలిసిన కాళ్ళతో భారీ బస్కీలు వద్దు. భారీ బస్కీలు తీసిన మర్నాడు వేగం పరుగు వద్దు. ఎముక మీద ఒకచోట వేలు పెడితే సలుపుతుంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించండి. మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని పరిగెత్తడం పౌరుషం కాదు.

ఈ మొత్తానికి ఎంత సమయం పడుతుంది? మూడు పరుగులకూ రెండుంపావు గంటలు, రెండు బలం పూటలకూ గంటన్నర. వారానికి నాలుగు గంటలు దాటదు. వారంలో వున్నవి 168 గంటలు. "టైము లేదు" అనేవాళ్ళు ఒక్కసారి తమ సెల్‌ఫోను తామే తీసి, అది వారానికి ఎన్ని గంటలు తింటున్నదో చూసుకుంటే మంచిది. మూడో వర్గం మిత్రులకు నేను చెప్పదలచుకున్నది ఇంతే.

మెస్సు సాంబారు, పొడి డబ్బా

వ్యాయామం గురించి రాసి మెస్సు గురించి రాయకపోతే ఈ సంచికలో వేయరేమో! సాంబారులో ముక్క కోసం వల విసరవలసిన పరిస్థితిలో కండ ఎక్కడినుంచి వస్తుందన్నది న్యాయమైన ప్రశ్న.

హైద్రాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనకు పెద్ద దిక్కు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైద్రాబాదుకు వచ్చింది. ఆ సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల విద్యార్థికి ఇది 50 గ్రాములు. పరుగూ, బరువులూ రెండూ చేసేవాడికి ఇంకొంచెం ఎక్కువ కావాలి. కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే 70 నుంచి 95 గ్రాముల దాకా. ఇది పొడి డబ్బా లేకుండానే దొరుకుతుంది. ఒక గుడ్డులో 6 గ్రాములుంటాయి. వంద గ్రాముల వేరుశనగపప్పులో 25 గ్రాముల దాకా, వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 20 గ్రాములకు పైగా వుంటాయి. పెరుగూ, పాలూ, సెనగలూ, చేపా, కోడికూరా ఎలాగూ వున్నాయి. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ప్రోటీను పొడుల జోలికి పోవద్దనే చెప్పింది. వేలకు వేలు పోసి డబ్బా కొనే మిత్రుడు ఆ డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క వేసుకోవాలి. ఇక ఆ పొడులనూ దాటి ఇంజక్షన్ల దాకా పోయేవారున్నారు. స్టిరాయిడ్లు చూపించే కండ తాత్కాలికం, గుండెకూ కాలేయానికీ చేసే చెరుపు శాశ్వతం కావచ్చు. ఆ మాట చెప్పకుండా అమ్మేవాడు స్నేహితుడైనా సరే, వాడి దగ్గర కొనకండి.

పరుగు చేసేవాళ్ళు అన్నం మానేయడం కూడా కొత్త ఫ్యాషనైంది. అన్నం శత్రువు కాదు. పరిగెత్తేవాడికి అది బొగ్గు. బొగ్గు లేని రైలింజను ఎంత కూత పెట్టినా కదలదు.

అమ్మాయిల మాట

ఇంతసేపూ "వాడు", "వీడు" అని రాస్తూ వచ్చాను. తప్పు నా కలానిదో, మన మైదానానిదో మీరే చెప్పాలి. తెల్లవారుజామున మైదానంలో అమ్మాయిలు ఎంతమంది? సాయంత్రం జిమ్ములో ఎంతమంది? "ఆడపిల్లలు బరువులెత్తితే మగరాయుళ్ళవుతారు" అనే మాట ఇంకా హాస్టళ్ళలో వినిపిస్తూనే వుంది.

ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ మొట్టమొదటిసారి పెట్టింది 2000లో సిడ్నీలో. అక్కడ 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది. వంద మీటర్లలో పది అడ్డంకులు దూకాలంటే వేగం ఒక్కటీ చాలదు, బలం ఒక్కటీ చాలదు. వరంగల్ ప్రాంతపు కల్లెడ పల్లెనుంచి వచ్చిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. వీళ్ళెవరూ ఆకాశంనుంచి ఊడిపడలేదు. ఎవరో ఒక మేష్టరు చూశారు, ఏదో ఒక మైదానం తలుపు తెరిచింది. ఎముకల గట్టితనం ఏర్పడే వయస్సు ఇదే కనుక బరువులూ, పరుగూ ఆడపిల్లలకు మరీ అవసరం. తలుపు మూసిపెట్టి "వాళ్ళకు ఆసక్తి లేదు" అనడం న్యాయం కాదు.

యూనియన్‌కూ, ప్రిన్సిపాల్‌గారికీ

కనుక ఈ వ్యాసాన్ని ఉపన్యాసంతో ముగించకుండా కొన్ని కోర్కెలతో ముగిస్తాను. ఇవేవీ లక్షలు ఖర్చయ్యేవి కావు.

వ్యాయామశాల ప్రొద్దున ఐదునుంచి ఎనిమిది దాకా తెరిచి వుంచాలి. తాళంచెవి ఎవరి దగ్గర వుందో వెతుక్కునే పరిస్థితి పోవాలి. అందులో విద్యార్థినులకు ప్రత్యేక వేళలు కేటాయించాలి. మైదానం పక్కన నాలుగు ఇనుప బార్లు పాతించాలి. ట్రాకు మీద రెండు దీపాలు వెలిగితే ఆడపిల్లలు కూడా ధైర్యంగా వస్తారు. మైదానాన్ని ఎగ్జిబిషన్లకూ, సభలకూ ఇచ్చి, మేకులూ గాజుపెంకులూ మిగిల్చే అలవాటు మానాలి. ఫిజికల్ డైరెక్టర్‌గారు క్రీడాజట్లకే పరిమితం కాకుండా వారానికి ఒక పూట మామూలు విద్యార్థికి కేటాయించాలి. నియామక పరీక్షలకు తయారయ్యేవారికి ఆరు నెలల ముందే ఒక శిక్షణ తరగతి మొదలుపెట్టి, తొలిరోజునే డాక్టరుచేత గుండె, రక్తపోటు, రక్తహీనత పరీక్షలు చేయించాలి. ఝార్ఖండ్ వార్త చదివాక కూడా ఈ ఒక్క పని చేయకపోతే మనల్ని మనం క్షమించుకోలేం.

క్రీడలంటే కప్పులు గెలిచే పదిహేనుమందే అనే భావన మన కాలేజీల్లో బలంగా పాతుకుపోయింది. కప్పులు అద్దాల బీరువాలో వుంటాయి. మనం మాత్రం ఇక్కడినుంచి బయటికి పోయి ముప్ఫై, నలభై ఏళ్ళు పనిచేయాలి, పిల్లల్ని ఎత్తుకోవాలి, ముసలితనంలో ఎవరి సాయమూ లేకుండా కుర్చీలోంచి లేవాలి. దానికి కండా కావాలి, దమ్మూ కావాలి.

బరువుల మిత్రుడా, రేపు మంగళవారం ప్రొద్దున అరగంట మైదానానికి రా. పరుగుల మిత్రుడా, గురువారం సాయంత్రం వ్యాయామశాలలో కనిపించు. మొదట్లో నువ్వు రొప్పుతుంటే అతను నవ్వుతాడు, అతని చేతులు వణుకుతుంటే నువ్వు నవ్వుతావు. ఆర్నెల్లు గడిస్తే ఎవరు ఏ వర్గమో చూసేవాళ్ళు పోల్చుకోలేరు.